నిలబడే మీటింగులో ఒక కుర్చీ

ఆ కుర్చీని ముందుకు జరిపింది నేనే. ఈ సంగతి మొదటే ఒప్పుకోకపోతే, తర్వాత చెప్పేదంతా పక్కవాళ్ళ మీద ఫిర్యాదులా ఉంటుంది.

ముప్పై ఏళ్ళకు పైగా దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యాక, మదనపల్లెలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. మిద్దె మీద రెండు గదులు, కింద ఎరువుల అంగడి. వాళ్ళు తయారుచేసేది పశువుల టీకాల యాప్. ఒక పాల సంఘం తరఫున పల్లెల్లో తిరిగే పశువైద్య సహాయకులు, ఆవు చెవికున్న పసుపు బిళ్ళను ఫోనుతో ఫొటో తీసి, ఏ టీకా ఏ రోజు వేశారో అందులో ఎక్కించాలి. ఫోను తెర మీద కనిపించే తెలుగు మాటలు రాయడం నా పని. శీర్షికలు పెట్టినవాణ్ణి కాబట్టి తక్కువ చోటులో సరిపెట్టడం నాకు వచ్చు.

మా ఇన్‌ఛార్జి బెంగుళూరులో పదేళ్ళు పనిచేసి వచ్చినవాడు. వయసులో నాకంటే పాతికేళ్ళు చిన్న. అందరూ సార్ అంటారు గనుక నేనూ సార్ అనేవాణ్ణి. మనిషి చెడ్డవాడు కాదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

రోజూ పొద్దున పావు తక్కువ పదికి స్టాండప్ అనే మీటింగు ఉంటుందని ఆయన మొదటి రోజే చెప్పాడు. అందరూ నిలబడే మాట్లాడాలి. ఒక్కొక్కరు మూడు సంగతులు చెప్పాలి. నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, పనికి ఏదైనా అడ్డం పడిందా. నిలబడితే కాళ్ళు నొప్పి పుడతాయి, అప్పుడు మాటలు తగ్గుతాయి, పదిహేను నిమిషాల్లో ఎవరి పనికి వాళ్ళు పోవచ్చు. నాకు ఈ ఆలోచన నచ్చింది. మా డెస్కులో సాయంత్రం పేజీల మాటలు ఇలాగే జరిగేవి. ఎడిషన్ చూసే ఆయన తన గది వదిలి మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడేవాడు. ఏ పేజీ ఎక్కడ ఆగింది అన్నదొక్కటే ప్రశ్న. ఎవరు ఎంత కష్టపడ్డారన్నది అక్కడ అడిగేవాళ్ళు లేరు.

మొదటి రోజు అందరం నిలబడ్డాం. ఇన్‌ఛార్జి ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని వచ్చి, దాన్ని ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూశాడు. అధికారి నిలబడి ఉంటే మన వైపు మనుషులకు ఒంట్లో ఏదో ఇబ్బందిగా ఉంటుంది. అందరికంటే పెద్దవాణ్ణి నేను. గోడ పక్కనున్న కుర్చీని ముందుకు జరిపి, కూర్చోండి సార్ అన్నాను. పరవాలేదు సార్ అన్నాడు. మళ్ళీ అన్నాను. కూర్చున్నాడు.

అంతే. ఆ రోజు నుంచి అడిగేవాడు కూర్చుని అడిగాడు, చెప్పేవాళ్ళు నిలబడి చెప్పారు. కూర్చున్నవాడి కాళ్ళు నొప్పి పుట్టవు కాబట్టి పదిహేను నిమిషాల మీటింగు యాభై నిమిషాలకు పాకింది. అర్జీ పట్టుకుని మండలాఫీసుకు వెళ్ళినవాళ్ళు బల్ల ముందు ఎలా నిలబడతారో అలా నిలబడేవాళ్ళం. పక్కవాడు మాట్లాడుతుంటే వినేది లేదు. మన వంతు వస్తే ఏం చెప్పాలో మనసులో కూడబెట్టుకోవడమే. నేనూ తక్కువ తినలేదు. నాలుగు మాటలు రాసిన రోజున పన్నెండు మాటలు సరిచూశానని చెప్పిన సందర్భాలున్నాయి. ముప్పై ఏళ్ళ పత్రిక పని చేసినవాడు ఒక కుర్చీ ముందు నిలబడి లెక్క పెంచి చెప్పడం తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

ప్రోగ్రాములు రాసే అబ్బాయి కుప్పంలో తన ఇంటి నుంచే పనిచేసేవాడు. అతని గొంతు బల్ల మీద పెట్టిన ఫోనులోంచి వచ్చేది. ఒకరోజు ఇన్‌ఛార్జి సరదాకి, నువ్వు కూర్చునే ఉన్నావు కదా అని అడిగాడు.

“లేదు సార్. నిలబడే ఉండా,” అన్నాడు అతను, కంగారుగా.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అరవై మైళ్ళ అవతల తన ఇంట్లో, ఎవరికీ కనిపించని చోట, ఆ అబ్బాయి నిజంగానే నిలబడి ఉన్నాడని ఆ గొంతులో తెలిసిపోయింది.

ఇప్పుడు అసలు మనిషి గురించి చెప్పాలి. యాప్ సరిగ్గా పనిచేస్తుందా లేదా అని పరీక్షించే పని ఒక అమ్మాయిది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటిన ఇల్లాలు, ఇద్దరు పిల్లల తల్లి. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. అంతకు ముందు ఒక స్కూల్లో పిల్లలకు కంప్యూటరు చెప్పేది. ఆ ఉద్యోగం మానుకుని ఇక్కడ ఆరు నెలల పరీక్షాకాలం మీద చేరింది. ఆరు నెలలు నిండాక ఇన్‌ఛార్జి రాసే రెండు వాక్యాలను బట్టి ఉద్యోగం ఖాయమవుతుంది, లేదంటే పోతుంది. స్కూల్లో ఆమె ఖాళీ చేసిన చోటు అప్పటికే నిండిపోయింది. ఇది పోతే వెనక్కి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

అయిదో నెల చివర్లో ఒక మంగళవారం ఆమె తన వంతు వచ్చినప్పుడు ఒక అడ్డం చెప్పింది. సిగ్నల్ లేని చోట ఫోనులో ఎక్కించిన టీకాల వివరాలు నిలవడం లేదని. తమ ఊరి బడి వెనక గుట్ట దగ్గర ఫోనులో సిగ్నల్ ఆపేసి రెండుసార్లు చూసిందట. కుప్పం వైపు పల్లెల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ప్రోగ్రామరు దీన్ని తొందరగా చూడాలంది. ఇన్‌ఛార్జి తలూపి, మీటింగ్ అయ్యాక చూద్దాం అన్నాడు. మీటింగు అయ్యాక బెంగుళూరులో ఉండే యజమాని నుంచి ఫోను వచ్చింది. ఇన్‌ఛార్జి బయటికి వెళ్ళిపోయాడు.

బుధవారం మళ్ళీ చెప్పింది. మీటింగ్ అయ్యాక చూద్దాం. గురువారం కూడా అంతే. ఆమె నేరుగా కుప్పం అబ్బాయికి ఫోను చేయొచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. సార్‌కు చెప్పినాక ఆయన తల మీదుగా ఇంకొకరికి చెప్తే మర్యాదగా ఉండదంది. అటు ఆ అబ్బాయి సార్ చెప్పకుండా ఆ పని ముట్టుకోలేదు. ఇద్దరూ మర్యాదస్థులే. మధ్యలో కుర్చీ.

నా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఎవరు ఏమన్నారో రోజు వేసి రాసుకోవడం డెస్కులో పట్టుకున్న అలవాటు. ఆమె చెప్పిన ప్రతిసారీ రాసుకున్నాను. తొమ్మిది రోజులు చెప్పింది. తొమ్మిది సార్లు రాశాను. ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

ఆ తర్వాత జరగాల్సిందే జరిగింది. పాల సంఘం నుంచి ఫోను వచ్చింది. కుప్పం వైపు పల్లెల్లో రెండు రోజులు వేసిన టీకాల వివరాలు కనపడటం లేదు. ఏ ఆవుకు వేశారో ఏ ఆవుకు వేయలేదో తెలియక వాళ్ళు మళ్ళీ ఇల్లిల్లూ తిరగాలి. సోమవారం స్టాండప్‌లో ఇన్‌ఛార్జి ఎవరినీ నిన్న ఏం చేశారని అడగలేదు. ల్యాప్‌టాప్ మూసి ఆమె వైపు తిరిగాడు. ఇంత పెద్ద తప్పు పరీక్ష చేసే మనిషికి ఎలా కనపడలేదు అన్నాడు.

“చెప్పినా సార్,” అంది ఆమె.

“ఎప్పుడు చెప్పారమ్మా? నా రిపోర్టులో ఒక్కరోజు కూడా మీ పేరు దగ్గర అడ్డం అని లేదు.”

లేదు, నిజమే. తర్వాత మాట్లాడదాం అనుకున్నది ఆయన లెక్కలో అడ్డం కాదు. కాబట్టి ఆ గడిలో రోజూ ‘ఏమీ లేదు’ అని కొట్టి యజమానికి పంపించాడు. నెలాఖరుకు మీ గురించి నేను ఏదో ఒకటి రాయాలి, ఏం రాయమంటారు అని అందరి ముందూ అడిగాడు. ఆమె చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నా నోటుబుక్కు జేబులోనే ఉంది. చెయ్యి అటు పోలేదు. ఇతరులు మాట్లాడింది రాసుకోవడమే గానీ మధ్యలో తలదూర్చకూడదని ముప్పై ఏళ్ళు నేర్పిన ఉద్యోగం నాది. ఆ నేర్పు మీద ఆ రోజు వచ్చినంత కోపం నాకు ఎన్నడూ రాలేదు.

మరునాడు ఆమెను కుప్పం వెళ్ళి స్వయంగా చూసి రమ్మన్నాడు. తెర మీద నా తెలుగు ఎలా ఉందో చూడాలని వంక చెప్పి నేనూ వెంట వెళ్ళాను. పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట మీదుగా బస్సు. దారిలో ఆమె ఒక్కసారి, స్కూల్లో అయితే పిల్లోళ్ళు చెప్పిన మాట వినకుంటే గుంజీళ్ళు తీయించేదాన్ని అంది.

కుప్పం నుంచి ఆటోలో తమిళనాడు వైపు పోయే దారిలో ఒక పల్లెకు వెళ్ళాం. అక్కడ పశువైద్య సహాయకురాలు ఒకామె మా కోసమే కాచుకుని ఉంది. ఫోనులో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. ఆమె ఆవు చెవి పట్టుకుని బిళ్ళకు ఫొటో తీసింది, టీకా పేరు ఎంచింది, మీట నొక్కింది. తెర మీద పచ్చరంగులో ‘నమోదు అయింది’ అని వచ్చింది. ఫోను మూసి మళ్ళీ తెరిచి జాబితా చూపించింది. అందులో ఆ ఆవు లేదు.

“మీ యాప్ అయింది అంటాది. అయింది అంటే మేము నమ్మినామమ్మా,” అంది ఆ సహాయకురాలు. “కాలేదని ఒక్క మాట సెప్పుంటే పుస్తకంలో రాసుకుందుం గదా.”

‘నమోదు అయింది.’ ఆ రెండు మాటలు రాసింది నేను. మీట నొక్కాక ఏం రావాలో రాయమన్నారు, రాశాను. సిగ్నల్ లేకపోతే ఏం రావాలని నేను అడగలేదు. నా పక్కనే భుజం తగిలేంత దగ్గరలో నిలబడి ఆమె తొమ్మిది రోజులు ఆ సిగ్నల్ గురించే చెప్పింది. నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. అది నా పనికి కూడా సంబంధించిన మాట అని బుర్రకు తట్టలేదు. ఆమె కుర్చీకి చెప్పింది, నేనూ కుర్చీకే చెప్పాను. ఆవు పక్కన నిలబడి ఆ పచ్చ అక్షరాలు చూస్తుంటే నాకు ఇన్‌ఛార్జి మీద ఉన్న కోపం కాస్తా మూడు వాటాలైంది. ఒక వాటా ఆయనకు, ఒకటి ఆ కుర్చీకి, పెద్ద వాటా నాకు.

తిరుగు దారిలో ఆమె నన్ను పుంగనూరులో దింపి కాఫీకి ఇంటికి తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. తెల్ల చీర, నున్నగా దువ్విన జుట్టు, ఇంట్లో కూడా ఎడమ చేతికి గడియారం. కూతురు జరిగిందంతా చెప్పింది. ఆమె చివరిదాకా విని, స్టాండప్ అంటే ఏమిటని నన్ను అడిగింది. నేను మూడు ప్రశ్నలూ చెప్పాను.

“నిన్న ఏం చేస్తివి అని అడిగేదెందుకప్పా?” అంది. “మేము డ్యూటీ మారేటప్పుడు మంచం కాళ్ళ దగ్గర నిలబడతాం. మూడో మంచం, జొరం దిగలేదు, ఇంకో సెలైన్ పెట్టాల. నాలుగో మంచం, కుట్లు సూడాల. అంతే. నేను రాత్రంతా ఏం చేస్తినో ఎవురికి కావాల? రోగికి ఏమి ఉండాదో అది గదా కావాల్సింది.”

అదంతా పెద్ద సిస్టరుకు చెప్పేవాళ్ళా అని అడిగాను.

“ఆమెకి యాల? డ్యూటీకి వచ్చినామెకి సెప్తాం. సెలైన్ పెట్టేది ఆమె. పెద్ద సిస్టరు వింటాది. మేము ఏదన్నా మరిస్తే అడుగుతాది.”

“కూర్చునేదా, నిలబడేదా?”

ఆమె నన్ను వింతగా చూసింది. “రోగి ముందర ఎవురన్నా కూచ్చుంటారాప్పా?”

కూతురు కాఫీ గ్లాసులు ట్రేలో సర్దుతూ అంది: “మా కాడ మంచం లేదుమ్మా. కుర్చీ ఉండాది.”

ఆ ముసలామె నవ్వలేదు. మంచం పెట్టుకోండి అంది.

మరుసటి రోజు నేను అరగంట ముందే ఆఫీసుకు వెళ్ళాను. కుర్చీని ఎత్తి మెట్ల పక్కన, ఎరువుల అంగడివాళ్ళు పడేసిన ఖాళీ అట్టపెట్టెల దగ్గర పెట్టాను. పావు తక్కువ పదికి ఇన్‌ఛార్జి వచ్చి కుర్చీ ఉండే చోటుకేసి చూశాడు. నేనే బయట పెట్టానని చెప్పాను. మొదటి రోజు జరిపిందీ నేనే, ఈరోజు తీసిందీ నేనే అన్నాను. ఆయన ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. ఎందుకో అడగలేదు. ఆయన చెడ్డవాడు కాదని అందుకే అన్నాను.

అప్పటికే ఆమె గోడకు కాగితపు ముక్కలు అంటించి పెట్టింది. ఒక్కో ముక్క మీద ఒక్కో పని. మనుషుల పేర్లు లేవు. తన వంతు వచ్చేదాకా ఆగలేదు. మొదటి ముక్క ముందు నిలబడి, ఇన్‌ఛార్జి వైపు కాకుండా బల్ల మీది ఫోను వైపు తిరిగింది.

“సిగ్నల్ లేని చోట నమోదు. నిలవడంలే. నిన్న కుప్పంలో నా కండ్లతో సూసినా. తమ్ముడూ, ఇది నీ చేతిలో ఉండాది. నీకేం కావాల?”



“నేను రోజూ వింటానే ఉండా అక్కా,” అన్నాడు కుప్పం అబ్బాయి. “సార్ సెప్తే సూద్దామని ఊరుకున్నా. నువ్వు గుట్ట కాడ సూసిన ఫోను నాకు పంపితే సాలు. రెండు దినాల పని.”

రెండు దినాల పని. తొమ్మిది రోజులు ఒక మనిషిని నిలబెట్టి, పదో రోజున ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టింది ఆ రెండు దినాల పని కోసం. అప్పుడు నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. నోటుబుక్కు తీసి చదివాను. మంగళవారం, సిగ్నల్ లేని చోట నమోదు నిలవడం లేదు. జవాబు, మీటింగ్ అయ్యాక చూద్దాం. బుధవారం, అదే మాట, అదే జవాబు. తొమ్మిదీ చదివాను.  తర్వాత నా సంగతి కూడా చెప్పాను. కానిదాన్ని అయిందని రాసింది నేనేనని.

ఇన్‌ఛార్జి ఆమెకు క్షమాపణ చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు: “ఇన్ని రోజులు ఇది జేబులో పెట్టుకుని మీరెందుకు చెప్పలేదు సార్?”

ఆ ఆఫీసులో నేను విన్న ప్రశ్నల్లో అంత సరైనది ఇంకొకటి లేదు. 

ఆ అబ్బాయి చెప్పినట్టే రెండు రోజుల్లో సరిచేశాడు. నా మాట కూడా మారింది. సిగ్నల్ లేనప్పుడు ఇప్పుడు తెర మీద ‘ఫోనులోనే ఉంది, సిగ్నల్ వచ్చాక చేరుతుంది’ అని వస్తుంది. శీర్షికకు పొడుగే. కానీ అబద్ధం లేదు.

నెలాఖరున ఆమె చేతికి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఖాయం. మెట్ల దగ్గర ఆమె నాకు చూపించింది. ‘పరీక్షాకాలం చివరి దశలో పనితీరు మెరుగుపరచుకున్నందున’ అని ఉంది అందులో. చదవగానే నాకు మండిపోయింది. మెరుగుపరచుకోవడం ఏమిటి, మొదటి మంగళవారం నుంచి ఆమె పనితీరు బాగానే ఉంది, వినేవాళ్ళ చెవులే బాగాలేవు. నేరుగా లోపలికి వెళ్ళి ఇన్‌ఛార్జిని ఆ వాక్యం తీసేయమన్నాను. నమూనా బెంగుళూరు నుంచి వచ్చింది, మార్చడానికి లేదన్నాడు. ఒక్క వాక్యం కొట్టేయడానికి కూడా వీల్లేని ఆఫీసు ఏం ఆఫీసు అని నేను గొంతు పెంచాను. ఆమె తలుపు దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

“పోనీలేన్నా. ఉద్యోగం ఉండాది గదా. ఆ మాట నీకు గుచ్చుకుంటాది, నాకు గాదు.”

ఆమె ఉత్తరాన్ని మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకుంది. ఆమెకు గుచ్చుకోలేదన్న మాట నేను నమ్మను.

ఇప్పుడు మా స్టాండప్ గోడ దగ్గర జరుగుతుంది. ఒక్కో కాగితం ముందు ఆగుతాం. అది ఎక్కడ ఆగింది, ఎవరి చేతిలోకి పోవాలి, అంతే. ఎవరికి పని ఉందో వాళ్ళకే చెబుతారు, ఇన్‌ఛార్జి వింటాడు. పదో నిమిషానికి ఆయన బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతుంది. పన్నెండో నిమిషానికి చాలు అంటాడు.

కిందటి నెల యజమాని బెంగుళూరు నుంచి వచ్చాడు. మీటింగు చూస్తానన్నాడు. వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడో లేదో, మా ఇన్‌ఛార్జి గబగబా బయటికి వెళ్ళి, మెట్ల పక్కనున్న కుర్చీని తెచ్చి, దుమ్ము దులిపి, ఆయన వెనక వేశాడు. కూర్చోండి సార్ అన్నాడు. యజమాని పరవాలేదు అన్నాడు. ఇన్‌ఛార్జి మళ్ళీ అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. మొదటి రోజు నా చెయ్యి ఎలా కదిలిందో ఆ చెయ్యీ అలాగే కదిలింది.

ఆయన కూర్చోబోతుండగా ఆమె వచ్చి, తన టిఫిన్ సంచిని ఆ కుర్చీలో పెట్టింది.

“అది సంచులకి సార్,” అని చెప్పి, మొదటి కాగితం ముందుకు వెళ్ళి నిలబడింది.